కండ్లకలకకు వైరస్ టైపింగ్ చేయిస్తే మందు మారుతుందా?

ఒంగోలులో మీ అమ్మాయి హాస్టల్లో పిల్లలకు వరసగా కండ్లకలక వస్తోందనీ, వైరస్ రకాన్ని తేల్చే జన్యు పరీక్ష చేయిస్తే మందు మారుతుందా అనీ అడిగారు. మారదు. అయితే ఆ పరీక్ష వేరే విధంగా పనికొస్తుంది. నెల్లూరులో కంటి నమూనాలు తీసి పంపే ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకు తెలిసినంత వివరిస్తాను.

కండ్లకలక తెచ్చే వైరస్‌లలో అడినోవైరస్‌లు ఒక కుటుంబం; వాటిలో 8, 37, 64 రకాలు నల్లగుడ్డును కూడా పట్టి, ఎరుపు తగ్గిన తర్వాత దానిపై చిన్న మచ్చలు మిగిల్చి, కొందరికి నెలల తరబడి చూపు మసకబారేలా చేస్తాయి. కండ్లకలక తెచ్చే మరో వైరస్, కాక్సాకీవైరస్ ఏ24 వేరియంట్, దారి వేరు: అది సోకిన ఒకటి రెండు రోజులకే బయటపడుతుంది, తెల్లగుడ్డులో నెత్తురు మరకలు కనిపిస్తాయి, సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. 2023 వానాకాలంలో మన దేశంలో పాకిన కండ్లకలకలో చాలాచోట్ల పట్టుబడింది ఇదే. కాబట్టి రకం తెలిస్తే ఎవరిని ఎన్నాళ్లు కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది.

అసలు చిక్కు టైపింగ్‌లోనే ఉంది. పీసీఆర్‌తో (జన్యువుకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) అడినోవైరస్ పైతొడుగులోని హెక్సాన్ అనే ప్రోటీన్ జన్యువును మాత్రమే పెంచి, దాని వరుసను చదివి రకం రాసేస్తే ఒక్కోసారి తప్పుతుంది, ఎందుకంటే ఒకే మనిషికి రెండు రకాలు సోకినప్పుడు అవి జన్యు ముక్కలను మార్చుకుంటాయి. నల్లగుడ్డును పట్టే 53వ రకమే చూడండి: దాని హెక్సాన్ 22వ రకాన్ని, పైతొడుగులోని మిగతా ప్రోటీన్లయిన పెంటాన్ 37వ రకాన్ని, ఫైబర్ 8వ రకాన్ని పోలి ఉంటాయి. హెక్సాన్ ఒక్కటే చూసినవారు 22 అని రాస్తారు, నల్లగుడ్డుకు వచ్చే ముప్పు రిపోర్టులో కనిపించకుండా పోతుంది. మూడు జన్యువులూ చదవని టైపింగ్‌ను నేను సగం పనిగానే లెక్కిస్తాను.

నమూనా తీయడం చూడటానికి తేలికే. కింది రెప్పను లాగి, లోపలి ఎర్రటి పొర మీద పాలిస్టర్ మొన ఉన్న పుల్లను (చెవిలో పెట్టుకునే దూదిపుల్ల కాదు) మెల్లగా తిప్పి, గులాబీ రంగు ద్రవమున్న గొట్టంలో ముంచి, పుల్లను అక్కడే విరిచి మూత బిగిస్తాము. పుసి మాత్రమే తీస్తే లాభం లేదు, వైరస్ ఉండే కణాలు రావాలి. గొట్టం ఐసు పెట్టెలోనే ప్రయాణించాలి.

హాస్టల్లో అందరికీ ఈ ఖర్చు అక్కరలేదు. కళ్లు ఎర్రబడి రెండు మూడు రోజులు దాటని నలుగురైదుగురు పిల్లల నమూనాలను వైద్యుడి సలహాతో, జిల్లా ఆరోగ్య అధికారుల ద్వారా పంపమని వార్డెన్‌ను అడగండి.