దేవరకొండ కోర్టుల అంతర్జాతీయ న్యాయంతోని పనేంది?

ప్రశ్న: నమస్తే సార్. మాది దేవరకొండ దగ్గర ఊరు. హైదరాబాద్‌ల మూడేండ్ల ఎల్ఎల్‌బీ ఆఖరి సంవత్సరం చదువుతున్న. ఎల్ఎల్ఎంల ఇంటర్నేషనల్ అండ్ కంపారెటివ్ లా తీసుకోవాలని నాకు మస్తు ఇష్టం. మా నాన్న, మా బావ మాత్రం మన కోర్టులల్ల భూమి తగాదాలు, ప్రోనోటు కేసులు, విడాకులే వస్తయి, ఐక్యరాజ్యసమితి గురించి చదివి ఏం చేస్తవ్ అంటున్నరు. ఒక కన్సల్టెన్సీ వాళ్లేమో విదేశంలనే చెయ్యి అంటున్నరు, దానికి ఇల్లు బ్యాంకుల పెట్టాలె. ఏం చేయమంటరు?
– ఒక చెల్లె, దేవరకొండ

జవాబు: చదువు చెల్లె, ఆ సబ్జెక్టే చదువు. ఇల్లు మాత్రం బ్యాంకుల పెట్టకు.

ముందుగాల ఒకటి చెప్త, పేరు ఒక్కటే గానీ అందుల రెండు చదువులున్నయి. అంతర్జాతీయ న్యాయం అంటే దేశాల మధ్య ఒప్పందాలు, సరిహద్దులు, సముద్రాలు, అట్లనే ఒక దేశం కోర్టు తీర్పు ఇంకో దేశంల చెల్లుతదా లేదా అనేది. కంపారెటివ్ లా అంటే ఒకటే తగాదాను వేరే వేరే దేశాల కోర్టులు ఎట్ల తీర్చినయి, ఎందుకట్ల తీర్చినయి అని పక్కపక్కన పెట్టి చూసుడు. ఈ రెండోదాన్ని జనం లెక్కల్నే పెట్టరు, నాకైతే మన పాలమూరు, నల్లగొండ పిల్లలకు అదే ఎక్కువ అక్కరకొస్తదని గట్టి నమ్మకం.

కృష్ణా నీళ్లనే తీస్కో. నది మన రాష్ట్రంలకు వచ్చేదే నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర, అయినా పాలమూరోళ్లు ఏండ్లకేండ్లు మూటాముల్లె కట్టుకొని వలస పోయిన్రు. నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది, అప్పుడు 1960 సెప్టెంబర్ నాటికి నడుస్తున్న, పరిశీలనల ఉన్న ప్రాజెక్టులకు ముందు రక్షణ ఇచ్చి, కొత్తగ కట్టుకోవాలనుకునే వాటిని వెనుక పెట్టింది. అంటే ముందుగాల కట్టుకున్నోళ్లకు ముందుగాల నీళ్లు. ఇది న్యాయమేనా అని మనూర్లల్ల ఎవరినడిగినా గంటసేపు మాట్లాడుతరు. ఇదే కొట్లాట అమెరికా పడమటి రాష్ట్రాలల్ల కూడ నడిచింది, అక్కడ మొదలు వాడుకున్నోనిదే మొదటి హక్కు అనే చట్టం ఉంటది. కానీ రాష్ట్రానికి రాష్ట్రానికి మధ్య లొల్లి వచ్చినప్పుడు వాళ్ల సుప్రీంకోర్టు 1907ల కాన్సాస్, కొలరాడో కేసుల సమన్యాయ పంపకం అనే మాట తెచ్చింది, 1945ల నెబ్రాస్కా, వయోమింగ్ కేసుల ముందు వాడకం ఒక లెక్క మాత్రమే, వాతావరణం, వాడినంక నదిలకు తిరిగొచ్చే నీళ్లు, ఇంకొకరికయ్యే నష్టం ఇవన్నీ చూడాలె అన్నది. దేశాల మధ్య పారే నదుల నీళ్ల గురించి న్యాయ పండితులు రాసిన 1966 హెల్సింకి నియమాలు కూడ ఇట్లాంటి లెక్కలే చెప్తయి, 2018ల కావేరి తీర్పు రాసేటప్పుడు మన సుప్రీంకోర్టు వాటిని ముందట పెట్టుకున్నది. మరి మీ బావను అడుగు, నాగార్జునసాగర్ పక్కన పుట్టి ఇది చదువకపోతే ఇంకెవరు చదువుతరు? నా మాట విని డిసర్టేషన్ దీని మీదనే చెయ్యి.

విడాకులంటున్నరు కదా, అవి కూడ ఇటే వస్తయి. ఇవాళ ఏ ఊర్ల చూసినా అమెరికా సంబంధమే, అల్లుడు అక్కడ డిక్రీ తెచ్చుకొని ఇక్కడి పిల్లకు నోటీసు పంపుతడు. తిరుపతిల హిందూ పద్ధతిల పెండ్లి చేసుకున్న ఒక జంట కేసుల, భర్త మిస్సోరీ కోర్టు నుంచి తెచ్చిన విడాకులు చెల్లవని 1991ల సుప్రీంకోర్టు చెప్పింది, ఎందుకంటే పెండ్లి ఏ చట్టం కింద అయితే అయిందో ఆ చట్టంల ఉన్న కారణం మీదనే విడాకులు కావాలె, ఆ కోర్టుకు ఆ చట్టం ప్రకారం అధికారం ఉండాలె. భార్య తన ఇష్టంతోని ఒప్పుకుంటే ముచ్చట వేరే. ఈ ఒక్క తీర్పు, విదేశీ తీర్పులు ఎప్పుడు చెల్లుతయో చెప్పే సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 13 తెలిసిన వకీలు మన జిల్లా కోర్టుల ఉంటే ఎంతమంది ఆడపిల్లలకు ధైర్యమో ఆలోచించు.

ప్రోనోటు డిక్రీ అయినంక దాన్ని అమలు చేయమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేసి అరెస్టు అడుగుతరు గదా, దాన్ల కూడ సుప్రీంకోర్టు 1980 జాలీ జార్జ్ వర్గీస్ తీర్పు ఉన్నది. కట్టే స్తోమత లేని మనిషిని, మోసం గీసం ఏం లేకుంటే, అప్పు కోసం సివిల్ జైలుకు పంపొద్దని పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక చూసి మరీ చెప్పిన్రు. మీ నాన్నకు ఇది చెప్పు, ఆయనకు వెంటనే అర్థమైతది.

ఇగ ఎక్కడ చదవాలె అంటే, పీజీఎల్‌సెట్ రాస్తే రాష్ట్ర యూనివర్సిటీలల్ల రెండేండ్ల ఎల్ఎల్ఎం, క్లాట్ పీజీ రాస్తే శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీ లాంటి చోట్ల ఏడాది కోర్సు. చేరేముందు ఆ ఏడు ఏ పేపర్లు నిజంగ చెప్తున్నరో, ఎవరు చెప్తున్నరో అక్కడి సీనియర్లను అడుగు, కోర్సు పేరు చూసి మాత్రం చేరకు. ఐక్యరాజ్యసమితి వాళ్ల ఆడియో విజువల్ లైబ్రరీల పెద్ద పెద్ద ప్రొఫెసర్ల లెక్చర్లు ఫ్రీగ ఉన్నయి, ఇప్పటి నుంచే విను. ఇంగ్లిష్ తీర్పులు రోజుకు కొన్ని పేజీలు చదువు, మొదట్ల కష్టమైతది, తర్వాత అలవాటైతది. మనోళ్లు అంత ఎత్తుకు పోలేరనుకోకు, జర్మనీ హాంబర్గ్‌ల ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కు 1999 నుంచి 2002 దాక ప్రెసిడెంటుగ ఉన్నది మన తెలుగాయనే, పి. చంద్రశేఖరరావు గారు.

విదేశం సంగతి, రెండు మూడేండ్లు కోర్టుల పనిచేసి, ఏ సంగతి లోతుగ తెలుసుకోవాల్నో నీకే తెలిసినంక స్కాలర్‌షిప్‌కు పెట్టుకో. ఇక్కడ వకాల్తా వేయనీకి డిగ్రీ అంటే ఎల్ఎల్‌బీ చాలు, విదేశీ ఎల్ఎల్ఎం లేదని ఎవరూ ఆపరు. కన్సల్టెన్సీ వాళ్లకు మీ ఇంటి మీద ప్రేమ ఉండదు చెల్లె.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్. ఇంగ్లండ్‌ల ఎల్ఎల్‌బీ చేసి వచ్చి వనపర్తిల ప్రాక్టీస్ పెట్టొచ్చా?
– ఒక తమ్ముడు, వనపర్తి

జవాబు: పెట్టొచ్చు, కానీ దారి పొడుగు. ఆ డిగ్రీని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించాలె, విదేశీ డిగ్రీ ఉన్న మనోళ్లకు వాళ్లు పెట్టే క్వాలిఫయింగ్ పరీక్ష పాస్ కావాలె, అప్పుడే ఎన్‌రోల్‌మెంట్, ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్. ఇక్కడనే ప్రాక్టీస్ చేయాలని ఉంటే లాసెట్ గానీ క్లాట్ గానీ రాసి ఐదేండ్ల కోర్సుల చేరు, ఇంగ్లండ్‌కు ఎల్ఎల్ఎం టైంల పోవచ్చు.