నేరస్థుణ్ణి శిక్షించడం దేనికి? క్రైస్తవం, బౌద్ధం ఏమంటాయి?

రెండు మతాలూ క్షమించమంటాయి కదా, మరి శిక్షను ఒప్పుకుంటాయా? ఒప్పుకుంటాయి, కారణాలే వేరు.

క్రైస్తవంలో ఒకే మాట లేదు. బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో, కీడు చేసేవాణ్ణి దండించే పాలకుడు దేవుని సేవకుడంటాడు అపొస్తలుడైన పౌలు. యేసేమో కంటికి కన్ను వద్దన్నాడు. మొదటిది ప్రభుత్వానికి, రెండోది వ్యక్తికి అని చాలామంది సర్దిచెబుతారు. నాకది పూర్తిగా అతకదు. కాథలిక్ చర్చి అయితే మరణశిక్ష ఆమోదయోగ్యం కాదని 2018లో తన బోధనను సవరించింది.

బౌద్ధంలో పగతీర్చుకునే శిక్షకు చోటు లేదు, కర్మఫలం ఎలాగూ అనుభవించక తప్పదు. హంతకుడైన అంగుళిమాలుడు భిక్షువయ్యాక రాజు అతణ్ణి శిక్షించలేదు, కానీ జనం రాళ్లు విసిరితే ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. దారితప్పిన కొడుకుని బాగుచేయాలనుకునే తండ్రిలా, ద్వేషం లేకుండా దయతో శిక్షించమని రాజుకు ‘రత్నావళి’లో చెప్పాడు బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడు. ఖైదీలకు తిండి, మందులు, స్నానమే కాదు, మంగలిని కూడా ఏర్పాటు చేయమన్నాడు! చక్కవత్తి సీహనాద సుత్తం అనే బుద్ధుడి ఉపదేశం నేరానికి మూలం దాకా వెళ్తుంది: రాజు పేదల్ని పట్టించుకోకపోవడంతో దొంగతనాలు పుట్టాయి, దొంగల తలలు నరికిస్తే హింస ఇంకా పెరిగింది.

ఆచరణ వేరే సంగతి. బౌద్ధులే ఎక్కువగా ఉన్న థాయ్‌లాండ్‌ చట్టంలో మరణశిక్ష ఇంకా ఉంది.