ఆయన "అన్నారు", ఆమె "అంది": ఇది వ్యాకరణమేనా?

సందేహం: టీవీ చర్చల్లో మగ నాయకుడి గురించి "ఆయన అన్నారు" అంటారు, అదే మాట ఒక నాయకురాలు అంటే "ఆమె అంది" అంటారు. అడిగితే తెలుగు వ్యాకరణమే అంత అంటున్నారు, నిజమేనా అండీ?

సమాధానం: కాదండీ. "అంది"కి జత "అన్నాడు", "అన్నారు" కాదు. ఒకరికి గౌరవం ఇచ్చి, ఇంకొకరికి ఉత్త ఏకవచనం వాడేసి, ఆ నేరం వ్యాకరణం మీదకి నెట్టేస్తే ఎలా?

ఏకవచనంలో మన భాష ఆడవాళ్ళని మిగతావాటితో ఒకే గాటన కట్టిన మాట మాత్రం నిజం, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. చిన్నయసూరి గారు 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు అంటే స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివి, అంటే మగవాళ్ళని చెప్పే మాటలు, అని చెప్పారు. ఆయన కల్పించింది కాదులెండి, భాషలో ఉన్నదే రాశారు, అయినా చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. కానీ అదే సూరి గారు బహువచనం దగ్గరికొచ్చేసరికి స్త్రీలని మహత్తులతో సమానం చేశారు, "వాళ్ళు వచ్చారు" అంటే ఆడా మగా తేడా లేదు. మనం గౌరవానికి వాడేది ఆ బహువచనమే కదా! అంటే "ఆమె అన్నారు" అనేది నిక్షేపంలాంటి తెలుగు.

మరి "అంది" ఎక్కడ్నుంచి వచ్చిందంటే, నాకు తోచేది, ఇంట్లోంచి. చాలా ఇళ్ళల్లో "నాన్నగారు అన్నారు, అమ్మ అంది" అనే అంటారు, అక్కడ అది చనువు, తప్పు పట్టను. ఆ అలవాటే స్టూడియోలోకి వచ్చి కూర్చుంది, "సార్ మీరు చెప్పండి" అన్న నోటితోనే "నువ్వు కాస్త ఆగమ్మా" అంటారు. చివర అమ్మ తగిలించినంత మాత్రాన "నువ్వు" మర్యాద అయిపోదు.

మాటల ఎంపికా అంతే, ఆయన గట్టిగా మాట్లాడితే "నిప్పులు చెరిగారు", ఆమె మాట్లాడితే "నోరు పారేసుకుంది". గయ్యాళికి పుంలింగం వెతికి చూడండి, దొరకదు. "మేమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు" అని సవాలు విసిరేవాళ్ళయితే గాజులేసుకున్న ఎమ్మెల్యేలు పక్కనే ఉన్నారన్న సంగతి కూడా చూసుకోరు, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

మీరు రాసేటప్పుడు ఇలా చెయ్యండి, ఆ వాక్యంలో ఆమె పేరు తీసి అదే హోదా ఉన్న మగ నాయకుడి పేరు పెట్టి "అన్నాడు" అని రాయగలరేమో చూడండి. చెయ్యి రాకపోతే "అంది" కూడా కొట్టేసి "అన్నారు" అని రాయండి.