కొడుక్కి మొదటి కారు: ఫీజుల ఎఫ్‌డీ తీయాలా, చిట్టీ దాకా ఆగాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రభుత్వ టీచర్‌ని. నెలకు చేతికి 82 వేలు వస్తాయి, అందులో ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు. మా అబ్బాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. కాలేజీ 22 కిలోమీటర్ల దూరం. ఇంకో మూడు నెలల్లో వాడికి 18 నిండుతాయి. పుట్టినరోజుకు కారు కొంటానని మాటిచ్చాను. ఆన్‌రోడ్ 11 లక్షలయ్యే చిన్న ఎస్‌యూవీ మీద మనసు పడ్డాడు. ఫీజుల కోసం దాచిన 6 లక్షల ఎఫ్‌డీలోంచి 4 లక్షలు తీసి, మిగతా 7 లక్షలకు లోన్ పెడదామనుకుంటున్నా. 5 లక్షల చిట్టీ ఒకటి 8 నెలల్లో పూర్తవుతుంది. మా బావమరిది కారు వాడు కాలనీలో ఇప్పటికే తోలుతున్నాడు. నా లెక్క సరైనదేనా?

సమాధానం: మాస్టారూ, డబ్బు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు, కాలనీలో తోలడం ఈరోజే మాన్పించండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి కేసయితే తల్లిదండ్రులో, బండి యజమానో బాధ్యత వహించాలి. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితుడికి డబ్బు కట్టినా, ఆ మొత్తాన్ని మీ బావమరిది దగ్గర వసూలు చేసుకోవచ్చు. కారు రిపేరుకు మాత్రం పైసా ఇవ్వదు. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఇది ఇంకా పెద్ద తలనొప్పి.

ఇక మీ లెక్క. 7 లక్షలు 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ దాదాపు 14,700. వడ్డీ ఒక్కటే 1.82 లక్షలు. ఏడేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ 11,450కి దిగుతుంది గానీ వడ్డీ 2.61 లక్షలకు పెరుగుతుంది. మీ ఉత్తరంలో లేని ఖర్చు పెట్రోలు. రోజుకు 44 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు. లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చినా 57 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల చొప్పున 6,100. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు కలిపి నెలకు ఇంకో రెండున్నర వేలు వేసుకోండి. ఐదేళ్ల లోన్ అయితే కారు మీదే నెలకు 23 వేలు పోతాయి. ఇంటి ఈఎంఐతో కలిపితే 44 వేలు, అంటే జీతంలో సగానికి పైనే. అదే సమయంలో ఎఫ్‌డీ 2 లక్షలకు పడిపోతుంది, కాలేజీలో ఇంకా మూడేళ్ల ఫీజులు కట్టాల్సి ఉంటుంది. ఆ ఫీజుకు రేపు పర్సనల్ లోన్ తెచ్చుకోవాల్సిన పరిస్థితి మీరే కొని తెచ్చుకుంటున్నారు. అందుకే ఎఫ్‌డీని ముట్టుకోవద్దు.

మాట తప్పమని నేననను, తేదీ మార్చమంటున్నాను. కారుకు ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్స్) 18 నిండాకే ఇస్తారు. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పక్కా లైసెన్స్‌కు టెస్ట్ ఇవ్వొచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక మంచి డ్రైవింగ్ స్కూల్లో చేర్పించండి. ఆదివారాలు ఎల్ బోర్డు పెట్టి, లైసెన్స్ ఉన్న మీరో మీ బావమరిదో పక్కన కూర్చుని హైవే మీదా, రాత్రిపూటా, వానలోనూ నడిపించండి. వాడి చేయి కుదిరేసరికి మీ చిట్టీ పూర్తవుతుంది. ఇప్పుడే పాడుకుంటే ఎంత వదులుకోవాలో మీకు తెలుసు. చివరిదాకా ఆగితే కమీషన్ పోగా దాదాపు మొత్తం చేతికొస్తుంది. లోన్ అవసరమే పడదు.

ఆ డబ్బుతో నాలుగు లక్షలకు అటూ ఇటూగా మూడు, నాలుగేళ్ల వయసున్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ చూడండి. మిగిలింది పేరు మార్పిడికి, ఇన్సూరెన్స్‌కు, అవసరమైతే టైర్లకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైనప్పుడు పాతది అదే రేటుకు ఎలా ఇస్తారని బేరంలో గట్టిగా అడగండి.

పాతదంటే భద్రత తక్కువని భయపడకండి, కానీ తయారీ ఏడాది చూసి కొనండి. ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగ్‌లు 2022 జనవరి నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయ్యాయి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అంతకుముందే, 2019లో తప్పనిసరి అయింది. కాబట్టి 2022కు ముందు తయారైన కారు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు. ఈఎస్‌సీ (బండి జారి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉన్న వేరియంట్ దొరికితే ఇంకో ఇరవై వేలు ఎక్కువైనా తీసుకోండి. తడి రోడ్డు మీద కంగారుగా స్టీరింగ్ తిప్పేసే కొత్త డ్రైవర్‌ను ఆదుకునేది అదే. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ లాంటివి వాడు సంపాదించి కొనుక్కుంటాడు.

మీ ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన జాగ్రత్త ఒకటుంది. 2024 సెప్టెంబర్‌లో మీ మున్నేరు, విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో కార్లు నీట మునిగాయి. బాగుచేసి పాలిష్ పట్టినవి మార్కెట్లోకి వస్తే పైకి తెలియవు. చూడటానికి వెళ్లినప్పుడు సీటు బెల్టును చివరికంటా బయటికి లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద మరక ఉంటే ఇక బేరమాడక్కర్లేదు. స్టెప్నీ తీసి ఆ గుంటలో తుప్పు, ఒండ్రు ఉన్నాయేమో చూడండి. ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లి మీరే స్టార్ట్ చేయండి. మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి వెయ్యో రెండు వేలో ఇవ్వండి. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే, లోన్ తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు కట్టొద్దు. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లతోనే కట్టించండి.

కారు మీ పేరు మీదే ఉండనివ్వండి. కొన్న 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా కట్టాలి. విడి భాగాల ధరలో తరుగు కోయకుండా డబ్బిచ్చే జీరో డిప్రిసియేషన్ తప్పక తీసుకోండి. కొత్తగా నేర్చినవాళ్లు ముందుగా తగిలించేది బంపరే. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ఖర్చులో సగం మన జేబులోంచే పోతుంది. అలాగని ప్రతి గీతకూ క్లెయిమ్ పెట్టకండి, చిన్నవి సొంతంగా బాగుచేయించుకుంటే బోనస్ నిలుస్తుంది.

చాలామంది తల్లిదండ్రులు గమనించని విషయం ఇంకొకటి. కారు పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న యజమానికే, అంటే మీకే. మీ అబ్బాయి నడుపుతూ ప్రమాదానికి గురైతే అది వర్తించదు. వాడి పేరు మీద విడిగా ఒక పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి, ప్రీమియం మీకు భారమేమీ కాదు. ఇక ఈ ఏడాదికి కాలేజీ బస్సు పాస్ మాత్రం మాన్పించవద్దు.