పాతబస్తీ కింద అంతా రాయే కదా, సొరంగం తవ్వితే పైన నేల ఎంత కుంగుతుందో లెక్కించిన రిపోర్టు ఎందుకు వెనక్కి వచ్చింది?

సొరంగం మొత్తం గట్టి గ్రానైట్‌లోనే పోతుందని మీరు అనుకోవడమే కారణం అయ్యుంటుంది. హైదరాబాద్‌లో రాయి పైమట్టం చదునుగా ఉండదు.

1. బోర్‌హోల్ (నేల పరీక్షకు వేసిన రంధ్రం) వివరాలన్నీ ఒకే లాంగ్ సెక్షన్ (సొరంగం పొడవునా నిలువుగా కోసినట్టు చూపే పటం) మీద వేసి, రాయి తగిలిన లోతులను గీతతో కలపండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆ గీత సొరంగాన్ని కోసే చోట్లు గుర్తించండి. అక్కడ కట్టర్‌హెడ్‌కి (తవ్వే మెషిన్ ముందుండే కోత చక్రానికి) కింద సగం రాయి, పైన సగం మొరం. రాయి దగ్గర మెషిన్ నెమ్మదిస్తుంది, ఈలోగా పైమొరం లోపలికి జారుతుంది. నేల కుంగేది అక్కడే. మొరంలో గుండ్లు (విడి బండరాళ్లు) కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు, బెంగళూరు మెట్రో తవ్వకాల్లో చూశాం.

3. ఆ చోట్లకు వాల్యూమ్ లాస్ (సొరంగం సైజు కంటే అదనంగా లోపలికి వచ్చే మట్టి శాతం) ఎక్కువ పెట్టి, నేల కుంగుడు మళ్లీ లెక్కించండి. పైన డంగుసున్నం గోడలుంటే విడిగా చూపండి.