టెన్త్ బ్యాచ్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

నువ్వు పంపిన ‘మా టెన్త్ బ్యాచ్’ వ్యాసం పెన్సిల్ పట్టుకుని చదివాను. నన్ను ‘మాస్టారూ’ అని సంబోధించావు. నేను ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణి కాదు, ఎరువుల కొట్టు నడుపుకుంటూ కథలు రాసుకున్నవాణ్ణి. అయినా పిలవాలనిపిస్తే పిలువు, కాదననులే.

వాక్యం శుభ్రంగా ఉంది. ఎక్కడా తట్టుకోకుండా సాగిపోయింది. నాకు అనుమానం వచ్చింది కూడా అక్కడే. నరసరావుపేట దగ్గర ఒక చిన్న ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో, యాభై మందికి పైగా పదిహేనేళ్ల పిల్లలు ఒకే గదిలో ఏడాదంతా కూర్చున్నారు. ఆ ఏడాది ఇంత నున్నగా ఎలా గడుస్తుంది?

మొహమాటం లేకుండా చెబుతాను, ఏమనుకోకు. నీ వ్యాసంలో మనుషులు లేరు. మేమంతా కలిసి అన్నం తినేవాళ్లం, మేమంతా సార్లంటే భయపడేవాళ్లం, మేమంతా ఫేర్‌వెల్ రోజు ఏడ్చాం అంటున్నావు. అంత కలిసికట్టుగా ఉన్న తరగతిని నేనెక్కడా చూడలేదు. ఉన్న ఊరి పిల్లలు ఒక పక్క, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్ పాస్ మీద వచ్చేవాళ్లు ఒక పక్క, హాస్టల్ వాళ్లు మరో పక్క. ‘హాస్టల్ మిత్రులు’ అని రాసి ఊరుకున్నావు. సాంఘిక సంక్షేమ హాస్టలా, బీసీ హాస్టలా? మధ్యాహ్నం బడి భోజనానికి కంచం పట్టుకుని లైన్లో నిలబడింది ఎవరు, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకున్నది ఎవరు? ఎవరి క్యారేజీలో ఎవరు చెయ్యి పెట్టేవాళ్లు, ఎవరిది ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు? అది నీకు బాగా తెలుసు. పదిహేనేళ్ల పిల్లకు అంతకంటే బాగా తెలిసేది ఇంకేమీ ఉండదు.

భాష గురించి ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. ‘గురువర్యులు చిరునవ్వుతో జ్ఞానాన్ని ప్రసాదించేవారు’ అన్న వాక్యం కొట్టేశాను. మన వైపు సార్లు చిరునవ్వుతో ఏమీ ప్రసాదించరు. ‘యాడ చూస్తన్నావ్, బోర్డు ఈడుంటే’ అంటారు. అదే రాయి.

నువ్వు టెన్త్ చదివింది 2009-10లో. ఆ సంగతి నీ మెయిల్లో ఉంది గానీ వ్యాసంలో లేదు. ఎప్పటి బ్యాచ్ గురించి చెప్పినా చెల్లిపోయేట్టు రాశావు. ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు చేసుకో. సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోయింది. మర్నాడు గానీ సంగతి తేలలేదు. ఆ రాత్రి మీ వీధిలో ఎవరింటి టీవీ ముందు ఎవరెవరు కూర్చున్నారు? బడి మళ్లీ తెరిచినప్పుడు ఏం మాట్లాడుకున్నారు? నిజంగా ఏడ్చినవాళ్లు ఉండి ఉంటారు. సెలవొచ్చిందని లోపల సంతోషపడి, పైకి అనలేక నేల చూపులు చూసినవాళ్లూ ఉండి ఉంటారు. నెల తిరిగేసరికి కర్నూలు మునిగింది, కృష్ణకు ఎప్పుడూ చూడనంత వరద వచ్చింది. డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీలో తెలంగాణ ప్రకటన వచ్చాక మన జిల్లాల్లో బందులు, రాస్తారోకోలు మొదలయ్యాయి. అన్ని రోజులు పోతే సిలబస్ ఎలా అయింది? ఆదివారాలు పెట్టుకున్నారా, చివరి పాఠాలు వదిలేశారా? ఆ తర్వాత ఫిబ్రవరిలో శివరాత్రి, కోటప్పకొండ తిరునాళ్ల. టెన్త్ వాళ్లు తిరునాళ్లకు పోవద్దని ప్రతి మాస్టారూ చెబుతాడు. ప్రభల దగ్గర ప్రతి మాస్టారికీ తన పిల్లలే ఎదురవుతారు.

‘పల్నాడు జిల్లా’ అని రాశావు, అది కూడా సరిచెయ్యి. పల్నాడు అన్న మాట పాతదే గానీ ఆ పేరుతో జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. నీ సర్టిఫికెట్ తీసి చూడు, గుంటూరు అని ఉంటుంది.

సర్టిఫికెట్ అంటే గుర్తొచ్చింది. పరీక్షకు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, పంపేముందు ఒక్కొక్కరినీ పిలిచి రెండేసి పుట్టుమచ్చలు రాసుకుంటారు చూడు, ఆ పూట గురించి ఎందుకు రాయలేదు? మా తరగతిలో ఆ రోజు పాఠం సాగలేదు. చొక్కా చేతులు భుజాల దాకా లాక్కుని, మెడలు తిప్పుకుని, ఒకళ్ల ఒంటి మీద ఒకళ్లం వెతుక్కున్నాం. ఒకడికి ఎంత వెతికినా ఒకటే దొరికింది. మాస్టారు విసిగిపోయి మోకాలి మీదున్న దెబ్బ మచ్చనే రెండోదిగా రాసేశారు. ఆ దెబ్బ సైకిల్ మీంచి పడితే తగిలింది, సైకిలేమో మాస్టారిదే. అడక్కుండా తీసిన సైకిల్ కాబట్టి ‘ఎట్లా తగిలిందిరా’ అంటే వాడు నోరెత్తలేదు. రిటైరయ్యేదాకా ప్రతి ఉద్యోగం కాయితంలోనూ ఆ మచ్చ వాడి వెంటే వచ్చింది. ఆడపిల్లలు ముంజెయ్యి దాటి చూపించేవాళ్లు కాదు. అందుకే మా బ్యాచ్ ఆడపిల్లల పుట్టుమచ్చలన్నీ ప్రభుత్వం లెక్కలో మోచేతి కిందే ఉన్నాయి. పుట్టిన తేదీల సంగతి చెప్పక్కర్లేదు. తల్లి ‘గాలివాన వచ్చిన ఏడు, కార్తీకంలో’ అంటే, ఒకటో తరగతిలో చేర్చుకున్న అయ్యవారు బడి తెరిచే నెల చూసి జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవాడు. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే పుట్టాం. ఇలాంటి పూట ఒక్కటి రాస్తే ‘మా స్నేహం విడదీయరానిది’ అన్న మాట నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన విషయానికి వస్తాను.

మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. ‘మా బెంచీలో చివర కూర్చునే అమ్మాయి సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ రాలేదు.’ ఆ వెంటనే ఫేర్‌వెల్ బిర్యానీ దగ్గరికి వెళ్లిపోయావు. నేను మాత్రం నీతో రాలేకపోయాను. ఆ బిర్యానీ నాకు సయించలేదు.

ఎందుకు రాలేదు? నీకు తెలుసనే అనుకుంటున్నాను. తెలుసు కాబట్టే ఒక్క వాక్యంతో దాటేశావు. జనవరి వస్తే మన వైపు మిరప కోతలు. నేను కొట్టు తెరిచే వేళకు కోతకూలీల ఆటోలు పోతుంటాయి. చీర మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కున్న ఆడవాళ్ల మధ్య పాత యూనిఫాం చొక్కా తొడుక్కున్న పిల్ల ఒకతి కనిపిస్తుంది. అది బడి మానేసిన పిల్లా, ఈ వారానికే వచ్చిందా అన్నది మార్చి దాకా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. లేదా పెళ్లి కుదిరి ఉంటుంది. పద్దెనిమిది నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చెయ్యకూడదని చట్టం 1978 నుంచీ ఉంది, మీ బెంచీకేమో పదిహేనేళ్లు. రెండిట్లో ఏదో, రెండూనో, మూడోదో నువ్వే చెప్పాలి.

కారణం కన్నా ముందు, ఆమె లేకపోవడం తరగతిలో ఎలా జరిగిందో చూడు. మొదటి వారం హాజరు పిలిచేటప్పుడు టీచరు ఆ పేరు దగ్గర ఆగి ‘ఏంది, ఇయ్యాల కూడా రాలా?’ అని ఉంటుంది. ఎవరో ‘కాయ కొయ్యడానికి పోతందండీ’ అని ఉంటారు. ఎవరన్నారు? నువ్వేనా? కొన్నాళ్లకు టీచరు అడగడం మానేసి ఉంటుంది. పరీక్ష ఫీజు అంతకుముందే కట్టి ఉంటే హాల్‌టికెట్ వచ్చే ఉంటుంది. ఫొటో అంటించిన ఆ కాయితం ఎవరి దగ్గర ఉండిపోయింది? పరీక్ష గదిలో బల్ల మీద ఆమె నంబరు వేసే ఉంటారు. మీ బడి నంబర్లు వరసగా వచ్చి ఉంటే ఆ ఖాళీ బల్ల నీకు దగ్గర్లోనే ఉండి ఉండాలి. అప్పటికి హిందీ ఒక్కటి తప్ప అన్నిటికీ రెండేసి పేపర్లు. పదకొండు పేపర్లూ నువ్వు ఆ ఖాళీ పక్కన కూర్చునే రాసి ఉంటావు, అడిషనల్ షీట్లకు దారం కట్టుకుని లేచి వచ్చేసి ఉంటావు. ఇది చెప్పడానికి కన్నీళ్లు అక్కర్లేదు. బల్ల, నంబరు, దారం ఉన్నాయి కదా, వాటిని ఉన్నచోట ఉన్నట్టు రాయి.

అలాగని ఆమె మీద జాలి కురిపించకు. సంక్రాంతికి ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పు. దేనికి నవ్వేది, ఎవరితో పోట్లాడేది, ఏ పాఠం బాగా వచ్చేది. గ్రాఫూ నిర్మాణమూ నేర్చుకుంటే పది మార్కులు చేతిలో ఉన్నట్టేనని లెక్కల మాస్టార్లు వెనక బెంచీలకు నూరిపోసేవాళ్లు కదా. నీ మొదటి పేజీలో ‘లెక్కలంటే వణికే నాకు ఒక స్నేహితురాలు గ్రాఫు గీయడం నేర్పింది’ అని ఉంది. ఆమె పేరు చెప్పలేదు. మూడో పేజీలో బడి మానేసిన అమ్మాయికీ పేరు లేదు. ఇద్దరూ ఒకరేనా? అయితే ఆ రెండు వాక్యాల మధ్య రెండు పేజీల దూరం ఎందుకు పెట్టావు? ఆమె నేర్పిన గ్రాఫు గీసి నువ్వు పాసయ్యావు, ఆమె పరీక్షకే రాలేదు. అదే నిజమైతే ఆ రెండు పేజీల్లో ఉన్న క్రికెట్టూ, ఎండాకాలం పుల్ల ఐసూ, స్లామ్ బుక్కులూ అన్నీ తీసేసినా నాకు బాధ లేదు. కాదు, వేరే వేరే మనుషులంటావా, నా ఊహ తప్పు. అప్పుడైనా ఆ ఇద్దరికీ పేరు పెట్టు.

ఒక ఇబ్బంది ఉంది. ఆమె ఇప్పుడు ముప్ఫై ఏళ్ల మనిషి, ఎదిగిన పిల్లలు ఉన్న తల్లి అయి ఉండొచ్చు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చిన్న ఊళ్లో ‘పాల కేంద్రం వెనక సందు’ అంటే చాలు, మనిషి దొరికిపోతుంది. కనుక్కుని ఫోన్ చెయ్యి. రాస్తున్నానని చెప్పు. రాయొద్దంటే ఆమెను తీసెయ్యి, ఖాళీ బల్లను ఉంచు, అది నువ్వు చూసిందే కదా. మగపిల్లల విషయంలో ఇంత భయం అక్కర్లేదు. నా కథ ఒకటి చదివి ‘ఇది నేనే’ అని ఊరంతా చెప్పుకున్నవాడు ఆ కథలో లేనే లేడు. ఉన్నవాడు ఇంతవరకు చదవలేదు.

ముగింపులో వాట్సాప్ గ్రూపు, ఆత్మీయ సమ్మేళనం పెట్టావు. తీసెయ్యమంటాను. జిల్లా ఎడిషన్లలో ఆ వార్త వస్తూనే ఉంటుంది. ఫ్లెక్సీ, ఒకే రంగు చీరలు, సార్లకు శాలువాలు, బడికి ఒక బీరువానో మంచినీళ్ల ప్లాంటో. వెక్కిరించడం లేదు, ప్లాంటు మంచిదే. కానీ ఆ హాల్లోకి రాగలిగినవాళ్లే వస్తారు. టెన్త్ తప్పి ఊళ్లోనే ఉండిపోయినవాడు పక్క వీధిలోనే ఉన్నా రాడు. అప్పుల్లో ఉన్నవాడు రాడు. ఇంట్లో పంపించని ఆడపిల్ల రాదు. ‘యాభై ఒక్క మందిలో ముప్ఫై ఎనిమిది మంది దొరికారు’ అని సంతోషంగా రాశావు. మిగతా పదమూడు మందీ ఎవరు?

గ్రూప్ ఫొటో ఉంటే ముందు పెట్టుకుని వరసల వారీగా పేర్లు రాయి. శ్రీనులు ఇద్దరుంటే ఇంటిపేరు మొదటి అక్షరం కలిపి పిలిచేవాళ్లు కదా, అలాగే రాయి. ఫొటోకు డబ్బులు లేక ఆ రోజు ఎగ్గొట్టినవాళ్లూ ఉంటారు, వాళ్ల కోసం ఇంకో కాయితం పెట్టుకో. ఫేర్‌వెల్ ఏడుపు కావాలంటే ఉంచు గానీ, ఎవరు ఏడవలేదో కూడా చెప్పు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. ప్రార్థనలో రోజూ ప్రతిజ్ఞ చెప్పేవాళ్లమని రాశావు. దాన్ని రాసినాయన పైడిమర్రి వెంకట సుబ్బారావు, నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో తెలుగులో రాశారు. ఇప్పుడు దేశంలోని పిల్లలంతా ఎవరి భాషలో వాళ్లు చదువుతున్నారు. మా పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు ఉండేది కాదు. వ్యాసంలో పెట్టమని కాదు, ఊరికే చెప్పాను.

సంక్రాంతికి ఊరెళ్తున్నానన్నావు. పండగ సెలవుల్లో బడి మూసి ఉంటుంది, ఒక రోజు ముందే బయల్దేరు. 2010 జనవరి హాజరు పట్టీ ఇంకా ఏ బీరువాలోనైనా ఉందేమో, చూడనిస్తారేమో హెడ్మాస్టర్ని అడుగు. తొందరపడి తిరగరాసి పంపకు. పంపినప్పుడు మాత్రం ఫోన్‌కి పీడీఎఫ్ వద్దు, కాయితం మీద పంపు. అక్షరం కాస్త పెద్దది పెట్టి, పక్కన మార్జిన్ బాగా వదులు. ఈసారి నేను రాయాల్సింది ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పక్క ఊరి ఎరువుల కొట్టాయన