అటక మీద దొరికిన తాతగారి పార్టీ పుస్తకం

ప్రశ్న: మాది హైదరాబాదు. మావారు జర్మన్, జర్మనీలోనే స్థిరపడ్డాం. ఈ మధ్య అత్తగారింటి అటక మీద ఆయన తాతగారి నాజీ పార్టీ సభ్యత్వ పుస్తకం దొరికింది. చేరిన తేదీ 1933 మే 1. వాళ్లకప్పుడు చిన్న బట్టల దుకాణం ఉండేదట. ‘నాకు గడియారం చూడటం నేర్పిన తాత ఇలాంటివాడా?’ అని మావారు కుమిలిపోతున్నారు. ‘తిండి లేని రోజులు, అందరూ చేరారు’ అంటారు అత్తగారు. తల్లీకొడుకుల మధ్య మాటలు లేవు. నేను ఏమి చేయగలను?

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటలో సగం నిజముంది. 1923 నవంబరులో ఒక్క డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు). జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో రొట్టె కూడా రాని పరిస్థితి. తర్వాత దేశం కాస్త తేరుకుంది. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లే. మళ్లీ మాంద్యం వచ్చింది, 1931లో బ్యాంకులు మూతపడ్డాయి, నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. 1932 జులైలో ఆ పార్టీకి 37.3 శాతం ఓట్లు పడ్డాయి.

అయితే పని పోయిన కార్మికులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు మొగ్గారు. నాజీలను బలంగా నమ్మింది చిన్న వ్యాపారులు, రైతులు. చేతిలో ఇంకా కొంత మిగిలి, అదీ పోతుందేమోనని వణికినవాళ్లు. అప్పుల్లో కూరుకున్న కుటుంబాలు నా దగ్గరికీ వస్తుంటాయి. ‘తప్పు నీది కాదు, ఫలానా వాడిది’ అనే మాట కోసం వాళ్లెంత తహతహలాడతారో చూస్తుంటాను. హిట్లర్ ఆ మాటే అన్నాడు. జనాభాలో ఒక శాతం కూడా లేని యూదులను చూపించాడు.

ఇక అత్తగారు చెప్పని సగం ఆ తేదీలో ఉంది. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కేనాటికి పార్టీ సభ్యులు సుమారు 8.5 లక్షలు. మే నాటికి 25 లక్షలు. కొత్తవాళ్లను ఇక చేర్చుకోరని తెలిసి ఎగబడ్డారు. అందులో ఆకలి కన్నా, గెలిచిన పక్షాన ఉండాలన్న ఆత్రమే నాకు ఎక్కువగా కనిపిస్తుంది. సరిగ్గా నెల ముందు, ఏప్రిల్ 1న, నాజీ దళాలు యూదుల దుకాణాల ముందు నిలబడి, లోపలికి వెళ్లవద్దని జనాన్ని అడ్డుకున్నాయి. అది దేశమంతా చూసింది.

కాబట్టి ‘రోజులు అలాంటివి’ అని మీవారిని ఓదార్చకండి. గడియారం నేర్పిన తాత నిజం, ఈ పుస్తకమూ నిజం. ఒకదాని కోసం రెండోదాన్ని చెరిపేయనక్కర లేదని చెప్పండి. సభ్యత్వ కార్డులు చాలావరకు బెర్లిన్‌లోని జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, దరఖాస్తు పెట్టమనండి. తెలియనప్పుడు ఊహలే మనిషిని ఎక్కువ తినేస్తాయి.

అత్తగారు కూతురిగా తండ్రిని కాపాడుకుంటున్నారు. కొడుకు అడిగితే అది నిలదీసినట్టుంటుంది. కోడలు అడిగితే కబుర్లు చెప్పుకున్నట్టుంటుంది. ఒక మధ్యాహ్నం ఒంటరిగా వెళ్లండి. ఆ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లకండి. పాత దుకాణం ఫోటో ఏదైనా ఉంటే బయటికి తీయించి, ఆ బజారులో పక్క కొట్లు ఎవరివో, వాళ్లు తర్వాత ఏమయ్యారో ఆమెనే చెప్పనివ్వండి.